నా చెముడు నీ లెక్కలోకి రాదు

చూడమ్మడూ, చెముడంతా ముసలితనం వల్లే వస్తుందనుకోకు. కొందరికి ప్రాణం నిలబెట్టిన ఇంజెక్షనే చెవుల్ని తినేసింది. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ గారి ల్యాబులో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల కుర్రాడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. టీబీని లొంగదీసిన మొదటి మందు అదే. మంచాన పడ్డవాళ్లు లేచారు. లేచినవాళ్లలో కొందరు తూలారు, కొందరికి వినపడటం తగ్గింది. జెంటామైసిన్, అమికాసిన్ కూడా ఆ కుటుంబంలోవే.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది. అందులో చెవికి దాదాపు 15 వేల కణాలు, వాటి తలమీద సన్నటి నూగు. శబ్దం తగిలి నూగు వంగితే అక్కడున్న ద్వారాలు తెరుచుకుంటాయి. సరిగ్గా అక్కణ్ణించే మందూ దూరుతుంది. ఓపట్టాన బయటికి రాదు. చచ్చిన కణం మళ్లీ పుట్టదు. కోడికి పుడుతుందట, మనకి ఆ భాగ్యం లేదు!

ముందు పోయేవి కీచు శబ్దాలు. మాటలు వినపడుతూనే ఉంటాయి కనక ఎవరికీ అనుమానం రాదు. అందుకే మందు మొదలెట్టకముందోసారి, మధ్యలో మళ్లీ మళ్లీ వినికిడి పరీక్ష చేయించాలి. మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారా కాబట్టి క్రియాటినిన్ కూడా చూస్తారు. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ వాడుతుంటే ముందే చెప్పాలి. చెవిలో గుయ్‌మన్నా, నడుస్తుంటే తూలినా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. అంతేగానీ భయపడి ఇంజెక్షనే మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో తమాషా ఉంది. మన కణాల్లోని మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియాలే. వాటి డీఎన్‌ఏలో 1555వ అక్షరం మారినవాళ్లుంటారు. వాళ్ల మైటోకాండ్రియాని మందు బాక్టీరియా అనుకుని కొడుతుంది. అలాంటివాళ్లకి సరైన మోతాదులో ఇచ్చినా చెవులు పోవచ్చు. ఈ మార్పు తల్లి నుంచే వస్తుంది. అమ్మమ్మకో, పిన్నికో, మేనమామకో ఇంజెక్షన్ తర్వాత చెవులు పోయుంటే డాక్టరుకి చెప్పాలి. మేనమామకుంటుంది గానీ ఆయన పిల్లలకి పోదు. మేనత్త ఈ లెక్కలోకే రాదు. మీ అమ్మని కన్నవాణ్ణే అయినా, నేనూ రాను!

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పసికందు బుగ్గ లోపల పుల్లతో తుడిచి, ఈ మార్పుందో లేదో 26 నిమిషాల్లో తేల్చే పరీక్ష తెచ్చారు. ఉంటే వేరే మందు ఇస్తారు. మొండి టీబీకైతే కనామైసిన్ సూదులు పోయి బెడాక్విలిన్ లాంటి మాత్రలొచ్చాయి.

అన్నట్టు, చెవిలో చీము కారుతుంటే మందుల షాపులో అడిగి డ్రాప్స్ తెచ్చి వేసుకోకు. కర్ణభేరికి చిల్లుండి, ఆ డ్రాప్స్‌లో ఈ కుటుంబంలోదే అయిన నియోమైసిన్ ఉంటే, అది లోపలి చెవిదాకా పోగలదు.