మ్యావ్... అంటే అర్థమేమిటంటే!

పాలప్యాకెట్ కత్తిరించిన చప్పుడు వినిపిస్తే చాలు... ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంటుంది. తలెత్తి 'మ్యావ్' అంటుంది. 'ఉండవే తల్లీ, పోస్తున్నాగా' అంటుంది ఇల్లాలు. పిల్లిని పెంచుకునే ఇళ్లలో రోజూ జరిగే సంభాషణే ఇది. ఇంతకీ మన మాటలు దానికి అర్థమవుతాయా? దాని మాటలు మనకు అర్థమవుతున్నాయా? కొంతవరకూ అవుననే అంటున్నారు పరిశోధకులు.

మనకోసమే ఆ పిలుపు

పెద్ద పిల్లులు తమలో తాము 'మ్యావ్' అనుకోవడం చాలా అరుదు. కళ్లు తెరవని వయసులో తల్లిని పిలిచే అరుపది. మనుషుల మధ్య పెరిగిన పిల్లి పెద్దయ్యాక కూడా దాన్ని వదులుకోదు... అన్నం పెట్టేవారికోసం అట్టేపెట్టుకుంటుంది. సాటి పిల్లులతో అయితే వాసన, తోక, చెవులతోనే పని జరిగిపోతుంది. మనం వాటిని గమనించం కాబట్టి గొంతు విప్పుతుందన్నమాట.

మిల్‌డ్రెడ్ మోల్క్ అనే పరిశోధకురాలు 1944లోనే పిల్లి చేసే శబ్దాలను 16 రకాలుగా విభజించారు. స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజానె షోట్జ్ అయితే పిల్లి గొంతులోని హెచ్చుతగ్గులమీద ఏళ్ల తరబడి పనిచేసి, 2021లో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. ముందు నవ్వించి, ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. అలాగని అన్ని పిల్లులకూ ఒకే నిఘంటువు లేదు. రికార్డు చేసిన అరుపు వినిపించి సందర్భం చెప్పమంటే కొత్తవాళ్లు తడబడతారు. సొంత పిల్లి అరుపైతే కాస్త మెరుగ్గా చెబుతారు.

గుర్రులో ఏడుపు

ఒళ్లో పడుకుని గుర్రుగుర్రుమంటుంటే హాయిగా ఉందనుకుంటాం. కానీ ఆకలేసినప్పటి గుర్రు వేరు. తెల్లవారుజామునే తనను నిద్రలేపే సొంత పిల్లిని చూసి అనుమానం వచ్చింది ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కారెన్ మెకూంబ్‌కి. 2009లో వెలువడిన ఆమె బృందం అధ్యయనం ప్రకారం... తిండి అడిగేటప్పుడు ఆ గుర్రులో సన్నటి ఏడుపులాంటి శబ్దం కలుస్తుంది. దాని స్థాయి చంటిపిల్లల ఏడుపుకి దగ్గరగా ఉంటుంది. పిల్లిని ఎప్పుడూ పెంచనివాళ్లు కూడా 'ఇదేదో తొందరపెడుతున్నట్టుంది' అనేశారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవేమోగానీ, ఈ గుర్రుకి మాత్రం ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటోంది!

వింటుంది... పలకదు

'ఎంత పిలిచినా పలకదు' అన్నది పిల్లిమీద అందరి ఫిర్యాదూ. జపాన్ పరిశోధకురాలు అత్సుకో సైతో బృందం 20 పిల్లులకు కొత్తవాళ్ల గొంతులతోపాటు యజమాని గొంతునూ వినిపించింది. యజమాని గొంతు వినగానే చెవులు తిప్పాయి, తల కదిలించాయి. లేచి మాత్రం రాలేదు! 2013నాటి మాట ఇది. తమ పేరుని మిగతా మాటల్లోంచి గుర్తుపడతాయనీ 2019లో అదే పరిశోధకురాలి బృందం తేల్చింది. ముద్దుచేస్తూ మాట్లాడే మాటల్నీ పిల్లులు పోల్చుకోగలవట... అదీ యజమాని మాట్లాడితేనే. 2022లో ఫ్రాన్స్‌లో 16 పిల్లులమీద జరిగిన పరిశోధన చెప్పిన సంగతిది.

కళ్లతో కబుర్లు

కళ్లు మూసుకుని పాలు తాగుతుందని పిల్లిని ఆడిపోసుకుంటాంగానీ, అది మనవైపు చూస్తూ నెమ్మదిగా కళ్లు సగం మూసి తెరిచిందంటే స్నేహంగా ఉన్నట్టే. యజమానులు అలా చేస్తే పిల్లులూ అలాగే బదులిచ్చాయనీ, కొత్తవాళ్లు చేసినా వాళ్లు చాచిన చేతి దగ్గరకు వచ్చే అవకాశం పెరిగిందనీ ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో చెప్పారు. గుడ్లప్పగించి చూడటం మాత్రం దానికి బెదిరింపే.

పిల్లలకు నేర్పండి

* తోక నిటారుగా నిలబెట్టి వస్తే... పలకరింపు.
* తోకను విసురుగా అటూ ఇటూ కొడితే... ఇక చాలు, వదిలెయ్యమని.
* చెవులు వెనక్కి అణిచిపెడితే... భయం లేదా కోపం. దూరంగా ఉండాలి.
* వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే... నమ్మకం ఉందని. పొట్ట నిమరమని కాదు.

ఈ సైగలు చూసుకోకుండా ఎత్తుకోబోయే పిల్లలకే గోళ్లు దిగుతుంటాయి. కరిచినా, గీరినా వెంటనే ఆ చోటుని సబ్బుతో, ధారగా పారే నీళ్లకింద 15 నిమిషాలు కడగాలి. రేబిస్ టీకా కోసం డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మన ఇంటి పిల్లే కదా అని ఊరుకోకూడదు.

బాధ వస్తే మౌనం

ఆకలేస్తే ఇల్లు ఎగరగొట్టే పిల్లి, నొప్పి వస్తే నోరు మెదపదు. మంచం కిందో బీరువా వెనకో నక్కుతుంది. బాధలోనూ గుర్రుమంటుంది కాబట్టి ఆ చప్పుడొక్కటే నమ్ముకోకూడదు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పిల్లి ముఖంలో నొప్పిని పట్టించే అయిదు గుర్తులు చెప్పారు. చెవులు పక్కలకు తిరగడం, కళ్లు చికిలించడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాలకంటే కిందికి వాలడం. మగపిల్లి పదేపదే ముక్కుతున్నా మూత్రం రాకపోతే అది ప్రాణాంతకం కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి.

రోజూ గుమ్మందాకా ఎదురొచ్చేది రాలేదంటే, గిన్నెలో అన్నం అలాగే ఉండిపోయిందంటే... అదీ అది చెబుతున్న మాటే. ఆ మాటను అందరికంటే ముందు వినగలిగేది ఇంటివాళ్లే.