కంటోన్మెంట్‌లో తెగే లింకు

బళ్ళారి కంటోన్మెంట్ మీద ఒక పేజీ రాయాలనుకుందాం. సరుకుకు కొదవ లేదు. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి వదులుకోవడం, ఆ తర్వాత ఇక్కడ దండు దిగడం, 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వస్తే బళ్ళారి మైసూరుకు పోవడం. చిక్కంతా దాన్ని వెబ్‌లోకి ఎక్కించడంలోనే. బ్రౌజరుకు అర్థమయ్యేది హెచ్‌టీఎంఎల్. ప్రతి పేరాకూ ముందూ వెనకా ట్యాగులు తగిలిస్తూ వ్యాసం రాసే ఓపిక ఎవరికుంటుంది?

అందుకే తేలిక గుర్తులు పుట్టాయి. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో వరస మొదట # పెడితే శీర్షిక, మాటకు అటూ ఇటూ ** పెడితే బొద్దు అక్షరాలు. వికీపీడియాలో జంట బ్రాకెట్లు పెడితే లింకు. ఇలా గుర్తులు పెట్టిన పాఠాన్ని చదివి హెచ్‌టీఎంఎల్‌గా మార్చి ఇచ్చే లైబ్రరీలు ఇప్పుడు దాదాపు ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ ఉన్నాయి.

లైబ్రరీ ముందు పాఠాన్ని వరసలవారీగా చూసి ఏది శీర్షికో, ఏది పేరానో, ఏది జాబితానో తేల్చుకుంటుంది. ఖాళీ వరస ఏ భాషలోనైనా ఖాళీ వరసే కాబట్టి ఇక్కడ పెద్దగా పేచీ లేదు. (జాబితాకు ౧, ౨ అని తెలుగు అంకెలు వేస్తే మాత్రం మార్క్‌డౌన్ ప్రమాణమైన కామన్‌మార్క్ గుర్తించదు.) తర్వాత ఒక్కో వరస లోపలికి దిగుతుంది. మాట ఎక్కడ ముగిసిందో తేల్చాల్సింది అక్కడే, తెలుగుకు దెబ్బ తగిలేదీ అక్కడే.

1995లో వార్డ్ కనింగ్‌హామ్ పెట్టిన మొదటి వికీలో రెండు ఇంగ్లీషు మాటలను కలిపేసి, ఒక్కోదాని మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాస్తే అదే లింకు. మనకు పెద్దబడి, చిన్నబడి లేవు. వికీపీడియా కూడా మొదట్లో ఆ పద్ధతే పాటించి, జంట బ్రాకెట్లకు మారింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేసరికి ఆ మార్పు జరిగిపోవడం మన అదృష్టం.

తర్వాతి సమస్య విభక్తి. [[బళ్ళారి]]లో అని రాస్తే, బ్రాకెట్ల బయట ఉన్న ‘లో’ కూడా లింకులో కలిసి కనిపించాలి. వికీపీడియాను నడిపే మీడియావికీ ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలను చూసుకుంటే, తెలుగు సెట్టింగుల్లో తెలుగు అక్షరాల పరిధిని విడిగా రాసి పెట్టారు. ‘పట్టణంలో’ దీంతో సాగిపోతుంది. ‘పట్టణాలు’ సాగదు, మాటే మారిపోయింది కనుక. అప్పుడు [[పట్టణం|పట్టణాలు]] అని రెండూ రాయాల్సిందే.

అసలు తంటా కంటోన్మెంట్‌తో. పొల్లుతో ముగిసే మాట కాబట్టి ‘లో’ నేరుగా చేరిస్తే లకారం కింద వత్తుగా దిగి ‘కంటోన్మెంట్లో’ అవుతుంది. దిగకూడదనుకుంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, టైపు చేస్తాం. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 3072 నుంచి 3199 వరకు. ఈ కనబడని అక్షరం సంఖ్య 8204. లైబ్రరీకి తెలుగు పరిధి మాత్రమే చెప్పి ఊరుకుంటే [[కంటోన్మెంట్]] దగ్గరే లింకు తెగి, ‘లో’ బయట మిగిలిపోతుంది. చూసేవాడికి తప్పెక్కడుందో అంతుపట్టదు. బళ్ళారి పేజీలో కన్నడ మాటలూ తప్పవు కదా, అవీ ఈ పరిధిలో లేవు. కన్నడం సరిగ్గా పక్కనే, 3200 దగ్గర మొదలవుతుంది. యూనికోడ్‌లోనూ సరిహద్దు జిల్లాయే.

ఇంతకంటే ఘోరం శీర్షికలది. విషయసూచికలో నొక్కితే శీర్షిక దగ్గరికి దూకడానికి, శీర్షికలోంచే ఒక గుర్తింపు పేరు తయారుచేస్తారు. పైథాన్‌మార్క్‌డౌన్ అనే పైథాన్ భాషా లైబ్రరీ మామూలు పద్ధతి ఇంగ్లీషేతర అక్షరాలన్నిటినీ పారేస్తుంది. తెలుగు శీర్షికకు మిగిలేది ఒక అడ్డగీత, ఒక అంకె. యూనికోడ్ పద్ధతి ఎంచుకున్నా పూర్తి ఊరట లేదు. పైథాన్ దృష్టిలో గుణింతపు గుర్తులూ పొల్లూ ‘మాటలో అక్షరాలు’ కావు. కాబట్టి ‘బళ్ళారి కోట’ కాస్తా ‘బళళర-కట’ అవుతుంది. గుణింతాలు ఊడగొట్టిన తెలుగును తెలుగు అనలేం. అన్నీ నిలిపినా చిరునామా పొడుగవుతుంది. ‘బళ్ళారి’లో యూనికోడ్ లెక్కన ఏడు అక్షరాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, శాతం గుర్తులతో రాస్తే మొత్తం 63. పొడుగు భరించవచ్చు, అంగవైకల్యం భరించలేం.

మందు కష్టమైనదేం కాదు. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక తరగతి ఇచ్చింది: ఇది అక్షరం, ఇది చేరిక గుర్తు (గుణింతాలూ పొల్లూ ఇందులోవే), ఇది విరామచిహ్నం. ఏ లిపి అని అడగకుండా అక్షరాలతోపాటు చేరిక గుర్తులను, అక్షరాల మధ్య వచ్చే 8204ను కూడా మాటలో భాగంగా లెక్కిస్తే చాలు. జావాస్క్రిప్ట్‌లో 2018 నుంచి ఈ సౌకర్యం భాషలోనే ఉంది. పైథాన్‌లో విడిగా దొరికే రెజెక్స్ మాడ్యూల్ వాడుకోవాలి.

ఈ లైబ్రరీల్లో చాలావాటి కోడ్ అందరికీ తెరిచే ఉంది. మీ శీర్షికలో గుణింతం ఊడితే విసుక్కుని ఊరుకోకండి. ఏం టైపు చేశారో, ఏం వచ్చిందో, ఏం రావాలో మూడు వరసల్లో రాసి నిర్వాహకులకు పంపండి.