కల్పితకథలలో ప్రయోగశాల

విజ్ఞానశాస్త్రము నాధారముగా గొనిన కల్పితకథలను విమర్శించునపుడు "ఇట్లు జరుగుట సాధ్యమా?" యని ప్రశ్నించుట పరిపాటి. ఇది యంత న్యాయమైన ప్రశ్న కాదు. అద్భుతమును కల్పించుట కథకుని హక్కు. కథలోని శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్నది నిజమని యెట్లు నిర్ధారించుకొనుచున్నాడన్నదియే పరిశీలింపదగిన విషయము.

హెచ్. జి. వెల్స్ 1897లో ప్రకటించిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' నవలలో గ్రిఫిన్, ఆచార్యుడు తన ఫలితము నపహరించునను భీతితో పరిశోధనను దాచును. అద్దెయింట నొంటరిగా ముగించును. దానిని గూఢలిపిలో వ్రాసికొనును. అతడు మరణించిన పిదప ఆ పుస్తకములు దొరికినవానికి వానిని జదువుట చేతగాదు. ఇతడు 'పాతాళభైరవి' (1951) చిత్రములోని నేపాళ మాంత్రికునకు దగ్గఱి చుట్టము.

స్టీవెన్సన్ 1886లో ప్రకటించిన జెకిల్, హైడ్ కథ యిందుకు కొంత భిన్నము. జెకిల్ వాడిన లవణము తఱిగిపోవును. క్రొత్తగా దెప్పించినది పనిచేయదు. లండను నగరమెల్ల వెదకించినను ఫలము లేకపోగా, మొదటి లవణమే శుద్ధమైనది కాదనియు, అందలి తెలియని మాలిన్యమే మందునకు శక్తి నిచ్చినదనియు నతడు నిశ్చయించుకొనును. ఇట్టి చిక్కు ప్రయోగశాలలలో నిజముగా నెదురగునదే. వెల్స్ హక్స్‌లీ వద్ద జీవశాస్త్రము నభ్యసించినవాడైనను, ఈ యొక్క విషయమున స్టీవెన్సనే వాస్తవమునకు సమీపించెనని నా యభిప్రాయము. అయితే జెకిల్ చివరకు గ్రహించినదానిని పరిశోధకుడు మొదటనే శంకించును.

1923లో కలకత్తాలో సి. వి. రామన్ శిష్యుడగు కె. ఆర్. రామనాథన్, ద్రవములు వెదజల్లిన కాంతిలో, ప్రసరింపజేసిన వర్ణమునకు భిన్నమైన మందకాంతిని గమనించెను. అది మాలిన్యమువలన గలిగినదేమోయని ద్రవమును మఱల మఱల శుద్ధిచేసి చూచిరి. కాంతి పోలేదు. 1928లో కె. ఎస్. కృష్ణన్ అనేక ద్రవములను పరీక్షించెను. ఆ యేడు ఫిబ్రవరి 28న రామన్ వర్ణపటదర్శినితో పరికింపగా క్రొత్త కాంతి వేఱుగా గోచరించెను. ఆ మాసముననే మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనువారు స్ఫటికములలో నట్టి ఫలితమునే కనుగొనిరి. అమెరికాలో ఆర్. డబ్ల్యు. వుడ్ ఆ సంవత్సరమే ప్రయోగమును తాను మరల చేసి, రామన్ చెప్పినది నిజమేయని ప్రకటించెను.

ఇదే వృత్తాంతము జనరంజక కథకుని చేత బడినచో అయిదేండ్లు ఒక్క రాత్రిగా కుదించుకొనిపోవును. ద్రవములను వడపోసిన దినములు, మాస్కోవారు, వుడ్ అందఱును తొలగిపోదురు. తొలగింపకున్న కథ నడువదనవచ్చును. అది కొంతవఱకు నిజమే. కాని యిట్టి కథలలో నిదర్శనము నడుగువాడు తఱచుగా మందబుద్ధియో, అసూయాపరుడో యగును. 1928లో వుడ్ చేసినది నిదర్శనము నడుగుటయే.