‘స్కైరిమ్’ ఆటకు ఏ మేనేజరు మేలు?

సెలవులకు ఇంటికి వచ్చిన కాలేజీ కుర్రాడు రాత్రి పన్నెండు దాటినా కంప్యూటర్ ముందు నుంచి లేవడు. ఆడుతున్నాడా అంటే అదీ లేదు. ఏవో పేర్ల జాబితా ముందు పెట్టుకుని ఒకదాన్ని పైకి, మరొకదాన్ని కిందికి జరుపుతుంటాడు. తెల్లవారేసరికి ‘మూడు నెలల ఆట పోయింది’ అంటూ తల పట్టుకుంటాడు. కంప్యూటర్ ఆటలు ఆడే పిల్లలున్న ఇళ్ళలో పెద్దలకు అంతుపట్టని ఈ గొడవ వెనుక ఉన్నది ‘మాడ్’ల వ్యవహారం.

‘స్కైరిమ్’ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న బెథెస్డా సంస్థ తయారుచేసిన ఆట. 2011 నవంబరు 11న విడుదలైంది. మంచు కొండలు, కోటలు, నిప్పులు కక్కే డ్రాగన్లు ఉన్న కల్పిత దేశంలో ఆడేవాడే కథానాయకుడు. జానపద సినిమాలో రాకుమారుడి వేషం మనమే కట్టినట్లు ఉంటుంది. 2023 నాటికి ఆరు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని ఆట దర్శకుడు టాడ్ హోవర్డ్ వెల్లడించారు. ఇన్నేళ్ళయినా ఈ ఆట పాతబడకపోవడానికి ఒక ముఖ్య కారణం మాడ్‌లే.

మాడ్ అంటే..

ఆటకు ఆడేవాళ్ళే చేసి పెట్టే మార్పును మాడ్ అంటారు. ఒకరు చెట్లను పచ్చగా మారుస్తారు. మరొకరు కొత్త ఊరు కడతారు. ఇంకొకరు కొత్త కథే రాసి చేరుస్తారు. ఇవి చాలావరకు ఉచితం. బ్రిటన్‌కు చెందిన రాబిన్ స్కాట్ 2001లో మొదలుపెట్టిన ప్రయత్నం ఇప్పుడు ‘నెక్సస్ మాడ్స్’ పేరుతో పెద్ద భాండాగారమైంది. ఒక్క స్కైరిమ్‌కే అక్కడ వేలాది మాడ్‌లు దొరుకుతాయి.

ఒకటి రెండు మాడ్‌లైతే చేత్తోనే ఆట ఫోల్డరులో వేసుకోవచ్చు. వంద దాటితేనే చిక్కు. రెండు మాడ్‌లు ఒకే ఫైలును మారిస్తే చివర వేసినది మొదటిదాన్ని తుడిచేస్తుంది. పోనీ తీసేద్దామంటే ఏ ఫైలు ఏ మాడ్‌దో తెలియదు. చివరకు అసలు ఆటనే చెరిపి మళ్ళీ దించుకోవలసి వస్తుంది. ఈ లెక్కలన్నీ రాసిపెట్టే గుమాస్తాయే మాడ్ మేనేజరు.

రెండింటికీ మూలం ఒకరే

స్కైరిమ్ ఆడేవారు నేడు ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి వోర్టెక్స్, రెండోది మాడ్ ఆర్గనైజర్ 2. రెండూ ఉచితమే. విశేషమేమంటే ఈ రెండింటికీ మూలపురుషుడు ‘టానిన్’ అనే మారుపేరుతో పనిచేసిన ఒకే ప్రోగ్రామరు. మొదట మాడ్ ఆర్గనైజర్‌ను రాసినది ఆయనే. తరువాత నెక్సస్ సంస్థలో చేరి వోర్టెక్స్‌ను రూపొందించారు. అది 2018లో జనానికి అందింది. పాత మాడ్ ఆర్గనైజర్‌ను ఇతర ఔత్సాహికులు చేతికి తీసుకుని ‘2’గా కొనసాగిస్తున్నారు.

మూలం ఒకటైనా పని తీరు వేరు. వోర్టెక్స్ మాడ్‌లను వేరే ఫోల్డరులో భద్రపరచి, అక్కడి నుంచి ఆట ఫోల్డరులోకి ‘హార్డ్ లింకు’లు వేస్తుంది. అంటే ఒకే ఫైలుకు రెండు చోట్ల పేరు ఉంటుంది. బడి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో ముద్దు పేరు ఉన్నా పిల్లవాడు ఒక్కడే కదా! అందువల్ల డిస్కులో చోటు రెండింతలు పట్టదు. అయితే ఆట, మాడ్‌ల ఫోల్డరు రెండూ ఒకే డ్రైవులో ఉండాలి. ‘పర్జ్’ అనే మీట నొక్కితే లింకులన్నీ తొలగిపోతాయి.

మాడ్ ఆర్గనైజర్ 2 అసలు ఆట ఫోల్డరు జోలికే పోదు. ఆట నడుస్తున్నంతసేపు మాత్రం మాడ్‌లు అక్కడే ఉన్నట్లు ఆటను నమ్మిస్తుంది. నాటకం ఆడినంతసేపు కోట బొమ్మ తెర వేలాడదీసినట్లన్నమాట. తెర తీస్తే వెనుక గోడ ఎప్పటిలాగే ఉంటుంది. కాని ఆటను మేనేజరు లోపలి నుంచే తెరవాలి. నేరుగా తెరిస్తే మాడ్‌లు లేని బోసి ఆట కనిపిస్తుంది. కొత్తవారు కంగారు పడేది ఇక్కడే.

ఎవరికి ఏది?

రెండు మాడ్‌లు తగువు పడినప్పుడు ఎలా తీర్చాలన్నదే అసలు ప్రశ్న. వోర్టెక్స్ ఆ తగువును తానే పట్టి చూపుతుంది. ‘దీని తరువాత ఇది’ అని ఒక నియమం చెబితే చాలు. ప్లగిన్‌ల వరుసను ‘లూట్’ అనే సాధనం సాయంతో తనంతట తానే సరిచేస్తుంది. యాభై లోపు మాడ్‌లతో సరిపెట్టుకునేవారికి, వేర్వేరు ఆటలు ఆడేవారికి ఇదే సులువు.

మాడ్ ఆర్గనైజర్ 2లో ఎడమవైపు మాడ్‌ల జాబితా, కుడివైపు ప్లగిన్‌ల జాబితా ఉంటాయి. ఎడమ జాబితాను చేత్తోనే అమర్చుకోవాలి. కింద ఉన్నదే చెల్లుతుంది. శ్రమ ఎక్కువే గాని, ఏది దేనిని కప్పిందో కళ్ళెదుట కనిపిస్తుంది. వందల మాడ్‌లు వేసేవారికి, రోజుకొకటి మార్చి చూసేవారికి ఇది మేలు.

ఒకే కంప్యూటర్‌తో సరిపెట్టుకునే అన్నదమ్ములకు రెండింటిలోనూ ‘ప్రొఫైల్’ సదుపాయం ఉంది. అన్న మాడ్‌లు అన్నవి, తమ్ముడి మాడ్‌లు తమ్ముడివి. ఆడినంతవరకు దాచుకునే ‘సేవ్’ ఫైళ్ళను కూడా ఎవరివి వారికి వేరుచేసుకోవచ్చు.

మేనేజరు కాపాడలేనివి

ఏ మేనేజరూ కాపాడలేని పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ఆట సగంలో ఉండగా పెద్ద మాడ్‌ను పీకేస్తే దాని ఆనవాళ్ళు సేవ్ ఫైలులో మిగిలిపోతాయి. ఆ తరువాత ఆట ఎప్పుడు కుప్పకూలుతుందో చెప్పలేం. మూడు నెలల ఆట పోయేది ఎక్కువగా ఇందువల్లనే.

2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో మామూలు ప్లగిన్‌లు, ఆట సొంతవాటితో కలిపి, 254 మించరాదు. తేలిక రకం ప్లగిన్‌లు మాత్రం 4096 వరకు పడతాయి.

ఆటకు కంపెనీ పంపే మార్పులతోనూ జాగ్రత్త అవసరం. 2021 నవంబరులో ఆట కొత్త రూపానికి మారినప్పుడు ‘స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్’ మీద ఆధారపడ్డ మాడ్‌లు చాలావరకు పనిచేయడం మానేశాయి. వాటిని రాసినవారు సరిచేసేదాకా ఆడేవారు వేచి ఉండక తప్పలేదు.

ఒకే ఆటకు రెండు మేనేజర్లను కలిపి వాడితే ఒకటి చేసిన పని రెండోదానికి తెలియదు. ఏది ఎంచుకున్నా కొత్త ఆట మొదలుపెట్టే ముందే ఎంచుకోవాలి. మాడ్‌లను అయిదారు చొప్పున వేస్తూ, ప్రతిసారీ ఆట తెరిచి చూసుకోవాలి. సేవ్ ఫైళ్ళ నకలు మరో చోట ఉంచుకోవాలి. ఈ మూడూ పాటిస్తే తెల్లవారుజామున తల పట్టుకునే పని చాలావరకు తప్పుతుంది.