అటక దిగిన సామాను

"పాత ఇనప సామాన్లు కొంటాం, ఇత్తడి కొంటాం, పాత పేపర్లు కొంటాం!" అన్న కేక వినపడని వీధి మన ఊళ్ళల్లో వుండదు. పూర్వం నెత్తిన గంపతోనో తోపుడుబండితోనో వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆటోకి మైకు కట్టుకుని వస్తున్నారు. కేక మాత్రం అదే. ఆ కేక వినగానే ఇల్లాలికి అటక గుర్తొస్తుంది. అటక మీది గంగాళం, సొట్టపోయిన బిందె, మరచెంబు, మూతలేని కావిడిపెట్టె వరసగా కిందికి దిగుతాయి. తక్కెడలో పడ్డాక అమ్మమ్మగారి గంగాళమూ, ఊడిపోయిన కుళాయీ ఒక్కటే - రెండూ ఇత్తడే!

తమాషా ఏమిటంటే, ఆ గంగాళాన్ని తూకానికి అమ్మిన ఇల్లాలే ఏడాది తిరక్కుండా ఏదో పెద్ద దుకాణానికి వెళ్ళి, నీళ్ళు పోసి పూలు వేసుకునే ఇత్తడి ఉరుళి ఒకటి కొనుక్కొస్తుంది. దానికి పెట్టిన డబ్బుతో తన గంగాళంలాంటివి ఎన్ని వచ్చేవో లెక్క వేసి చూసుకోదు. చూసుకుంటే మనసు పాడవుతుంది గనుక చూసుకోకపోవడమే మంచిదేమో!

ఇల్లు అందంగా వుండాలన్న కోరిక అందరికీ వుంటుంది. జీతం మాత్రం అందరికీ ఒకలాగ వుండదు. అంచేత మధ్యతరగతి సంసారాలకి ఒక మంచి మాట మన భాషలోనే వుంది: 'సంసారపక్షంగా' అని. సంసారపక్షపు అలంకరణ అంటే చవకబారు అలంకరణ కాదు. పాత వస్తువును చూసినప్పుడు "ఇది ఎంతకి పోతుంది?" అని కాక, "ఇది ఇంకా ఏం పనికొస్తుంది?" అని ముందుగా అడగడం. పనికొచ్చే వస్తువు ఇంట్లో ఒక చోటు సంపాదించుకుంటే అందం దానంతట అదే వస్తుంది. పనికిరాని దాన్ని తోమి, రంగు పూసి, మూల పెట్టినంత మాత్రాన ఇల్లు మ్యూజియంలా తయారవుతుంది తప్ప ఇల్లులా వుండదు.

సెకండ్‌హాండ్ అన్న మాట మనవాళ్ళకి కాస్త నామోషీ. పుస్తకాల విషయంలో ఈ నామోషీ లేదు. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుక్కూచుని ఏరుకున్నామని గొప్పగా చెప్పుకుంటాం. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి "ఎవరు కూచున్నదో ఏమో" అంటాం. ఆ సందేహంలో కొంత న్యాయం లేకపోలేదు. పరుపు, దిండు, లోపల స్పాంజి కూరిన సోఫా - ఇవి ఒకరు వాడినవి కొనకపోవడమే మంచిది. వాటిలో నల్లులు దాక్కుంటే పైకి కనపడవు. ఇనుము, ఇత్తడి, పింగాణీ, గాజు - వీటికి ఆ దోషం లేదు. కడిగితే శుభ్రం.

కొయ్య సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈ రోజుల్లో చవగ్గా దొరికే కొత్త బల్లలు చాలామటుకు చెక్కపొట్టుకి జిగురు కలిపి నొక్కిన పలకలతో చేసినవి. పైన నున్నటి కాగితం అంటించి వుంటుంది. అంచు దగ్గర నీళ్ళు దిగాయా, అప్పడంలా వుబ్బుతుంది. ఇక దాన్ని బాగుచేసే వడ్రంగి లేడు. పాత ఇంటి తలుపు అలా కాదు. చెట్టు నడిబొడ్డున వుండే గట్టి కొయ్యని చేవ అంటారు. టేకు చేవలో సహజంగా వుండే నూనె వల్ల చెదలు దాని జోలికి అంత తేలిగ్గా రావు. బర్మా నుంచి ఓడల మీద కలప దిగిన రోజుల్లో కట్టిన కోస్తా ఇళ్ళల్లో "ఇది రంగూన్ టేకండీ" అని తలుపు తట్టి మరీ చూపించే పెద్దవాళ్ళు వుండేవారు. ఆ తలుపులే ఇవాళ ఇళ్ళు పడగొట్టే చోట గోడకి చేరేసి కనపడుతున్నాయి. అటువంటి తలుపు ఒకటి తెచ్చి, రెండు పక్కలా ఇనప కాళ్ళు బిగించి, చెక్కడం వున్న చోట సమంగా వుండేందుకు పైన అద్దం పరిస్తే, ఆరుగురు కూచుని భోంచేసే బల్ల తయారవుతుంది. పాడైన కుట్టుమిషను తాలూకు పోతపోసిన ఇనప స్టాండు వుంటే చిన్న పలకకి అదే చాలు.

ఇలా చేయడం పేదరికం కాదు, బుద్ధి అని నిరూపించిన పెద్దమనిషి ఒకాయన వున్నారు. లారీ బేకర్ అని, ఇంగ్లండులో 1917లో పుట్టి, మన దేశం వచ్చి తిరువనంతపురంలో స్థిరపడిపోయిన ఆర్కిటెక్టు. పాత కట్టడాలు పడగొట్టేచోటికి వెళ్ళి కిటికీలూ తలుపులూ ఏరి తెచ్చి కొత్త ఇళ్ళకు బిగించేవారు. ఖాళీ సీసాలు గోడలో పొదిగి రంగురంగుల వెలుతురు తెప్పించేవారు. ఆయనకు 1990లో పద్మశ్రీ ఇచ్చారు. 2007లో పోయారు. ఆయన మెచ్చిన కిటికీలాంటిదాన్ని మనం కట్టెల కింద అమ్మేస్తున్నాం!

కొనేముందు పరీక్షలు రెండు మూడు వున్నాయి. కొయ్యని వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్లగా మోగితే లోపల చెద తిన్నదని. గుండుసూది తలంత బెజ్జాలుండి, కొడితే మెత్తటి పిండి రాలితే పురుగు ఇంకా బతికే వుందని అర్థం. ఎంత చవకైనా ఇంటికి తేకండి. కుర్చీని పట్టుకుని వూపండి. కీలు వదులైతే ఫరవాలేదు, జిగురుతో, చీలతో బిగుస్తుంది. కాలు నిలువునా చీలితే మాత్రం దండం పెట్టి రండి.

మా వీధిలో ఒక కుటుంబం వారు పల్లెటూళ్ళో పెంకుటిల్లు అమ్ముకుని రెండు గదుల ఫ్లాటులోకి వచ్చారు. అన్నీ సర్దుకున్నాయి గాని పందిరిమంచం మాత్రం సర్దుకోలేదు. గది పది అడుగులు; మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. పాత సామాన్ల వ్యాపారి వచ్చి ఒక ధర చెప్పాడు. అత్తగారు ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి పడుకున్నారు. రాత్రి కోడలు అడిగితే అప్పుడు చెప్పారు: "మీ ఆయన పుట్టింది దానిమీదేనమ్మా. మీ మావగారు పోయింది కూడా దానిమీదే. మీకు అడ్డమైతే ఇచ్చేయండి. నేను ఇంట్లో లేనప్పుడు మాత్రం ఇవ్వండి."

మర్నాడు కోడలు వ్యాపారిని పిలవలేదు. వడ్రంగి ఆచారిగారిని పిలిపించింది. ఆయన మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి, "రంపం అక్కర్లేదమ్మా" అన్నాడు. పాతకాలపు పనివాడు ఒక కొయ్య చివరని రెండో కొయ్య బెజ్జంలో దింపి చీల కొట్టేవాడు. మేకులు వుండేవి కావు. చీలలు తీస్తే ఏ ముక్కకి ఆ ముక్క విడిపోయింది. చిలకలు చెక్కిన తలవైపు పలక హాల్లో గోడకెక్కింది. దాని నడుమ చిన్న అద్దం బిగించారు. పక్క పట్టెలు రెండూ, పొట్టి కాళ్ళు నాలుగూ కలిపితే బాల్కనీలో ఒక బెంచీ అయింది. పందిరి స్తంభాలు మాత్రం గోనెలో చుట్టి లాఫ్టు మీద పెట్టారు, ఎప్పటికైనా పెద్ద ఇల్లు కట్టుకోకపోతామా అని. అత్తగారు ముందు రెండు రోజులు ఆ బెంచీ వైపు చూడలేదట. ఇప్పుడు పొద్దున్నే దానిమీదే కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. మొత్తం ఖర్చు ఆచారిగారి రెండు రోజుల కూలీ, కాస్త వార్నీషు.

ఇక బట్టల దగ్గరికి వద్దాం. ప్రతి ఇంట్లోనూ కట్టని చీరలు ఒక దొంతర వుంటాయి. ఆరు గజాల నేతచీరకి లెక్క చూడండి. ఏడడుగుల గుమ్మానికి పైనా కిందా మడతలతో కలిపి ఏడున్నర అడుగులు, అంటే రెండున్నర గజాలు కావాలి. రెండు రెక్కలకి అయిదు గజాలు. అంచులు నిలువుగా రెండు పక్కలా జారతాయి. కుట్టుపని కూడా తక్కువ. మిగిలిన గజం పమిట. అందులో పదహారు అంగుళాల దిండు గలీబుకి కావలసిన ముక్కలు నాలుగు వస్తాయి - అంటే రెండు దిళ్ళు. గుమ్మానికీ దివానుకీ ఒకే చీర కాబట్టి గది కలిసొచ్చినట్టు వుంటుంది. పట్టుచీర అయితే ఎండ తగిలే కిటికీకి వాడకండి. రంగు వెలిసిపోయి దారం పుచ్చిపోతుంది. వాడక తప్పదంటే వెనక పాత పంచె అస్తరు వేయండి. ముందుగా చీరని వెలుతురుకి పట్టి చూడాలి. మడతల దగ్గర బీటలు కనిపిస్తే అది తెరకి ఆగదు, అంచు కత్తిరించుకోవడమే.

మరీ నలిగిన నూలుచీరలకి బొంత వుండనే వుంది. బాగాలేని కథని 'అతుకుల బొంత' అని తిట్టడం మన విమర్శకులకి అలవాటు. బొంత కుట్టేవాళ్ళని వాళ్ళు చూసి వుండరు కాబోలు! నాలుగైదు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, ముడతలు పడకుండా నాలుగు మూలలా బరువులు పెట్టి, అంచు నుంచి నడిమధ్యకి వరసలు వరసలుగా కుడుతూ వస్తారు. ఏ ముక్క పక్కన ఏ రంగు పడాలో వాళ్ళకి తెలిసినట్టు చాలామంది చిత్రకారులకి కూడా తెలియదు. అటువంటి బొంత దివాను మీద పరిచినా, గోడకి వేలాడదీసినా కొత్త దుప్పటికి లేని నిండుతనం వస్తుంది.

ట్రంకుపెట్టె సంగతి తేలిక. తుప్పుని ఉప్పుకాగితంతో గీకి, తుడిచి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఆరాక ఎనామిలు రెండు పూతలు వేసి, పైన మెత్త పరిస్తే కూచోడానికి ఆసనం, లోపల శీతాకాలపు దుప్పట్లకి చోటు. ఒక్క మనవి. పూర్వం హాస్టలుకి వెళ్ళే కుర్రాళ్ళ పెట్టెల మీద పేరూ ఊరూ తెల్లరంగుతో రాయించేవారు. ఆ అక్షరాలు వుంటే వాటి మీద రంగు వేయకండి. చుట్టూ వదిలి వేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పెద్ద భోషాణాలకీ పెట్టెలకీ దానంతట అదే పడే గొళ్ళెం తీయించేయండి. దాగుడుమూతల్లో పిల్లలు దూరే చోటది.

పిల్లల మాట వచ్చింది గనుక రంగు గురించి కూడా చెప్పాలి. పాత రంగుల్లో సీసం వుండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి తొంభై పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన తలుపునో కిటికీనో పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు. తడిపి గీకండి, ఆరుబయట గీకండి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకోండి. గీకిన పెచ్చులన్నీ ఎత్తి పారేయండి. పాత రంగు గట్టిగా పట్టుకుని వుంటే గీకకుండా పైన కొత్త పూత వేయడం ఇంకా మేలు.

ఇత్తడి గంగాళంలో మొక్క పెట్టేవాళ్ళు మట్టి నేరుగా పోయకుండా, కుండీతో సహా లోపల దింపాలి. లేకపోతే చింతపండుతో ఎంత తోమినా పచ్చమరక వదలదు. లాంతరుకి కరెంటు దీపం పెట్టించాలనుకుంటే చిన్న ఎల్‌ఇడి బల్బు చాలు, వేడి వుండదు. ఒళ్ళంతా లోహం గనుక వైరింగు మాత్రం తెలిసినవాడి చేతనే చేయించి, ఎర్తు ఇప్పించండి. పాత గోడల్లోంచి పీకిన చిలక్కొయ్యలు దొరికితే వదలకండి! ఒక పలకకి వరసగా నాలుగు బిగిస్తే గుమ్మం పక్కన సంచులకీ తాళాలకీ అంతకంటే చక్కని ఏర్పాటు లేదు.

గోడకి బొమ్మల కోసం కూడా దూరం పోనక్కర్లేదు. వారపత్రికల్లో సీరియళ్ళు చింపి బైండు చేయించుకున్న ఇళ్ళు ఎన్నో. 'చందమామ' పాత సంచికలు దాచుకున్న ఇళ్ళూ వున్నాయి. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు ఆ ఇళ్ళకి ఆస్తి. అయితే ఫ్రేము కోసం అట్ట చింపడం నాకు గిట్టదు. మంచి రంగుల నకలు తీయించి దాన్ని కట్టించండి, పుస్తకం పుస్తకంలాగే వుంటుంది. అటక మీద తాళపత్రాలు కనపడితే అసలే గోడకెక్కించకండి. వెలుతురుకీ తేమకీ అవి చెడతాయి. డెబ్బయి అయిదేళ్ళు దాటిన విలువైన రాతప్రతులని 1972 నాటి చట్టం పురావస్తువుల కింద లెక్కిస్తుంది. అవి వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల వారికి చూపించవలసినవి, దుకాణాల వాళ్ళకి కాదు.

అటక లేనివాళ్ళు సంతకి పోవాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత వుంది. జుమ్మేరాత్ బజారు పేరులోనే గురువారం వుంది. ఇంకా శ్రద్ధ వుంటే తమిళనాడులో కారైక్కుడి దాకా వెళ్ళొచ్చు. చెట్టియార్ల పెద్ద ఇళ్ళ సామాను అక్కడ వీధి దుకాణాల్లో అమ్ముతారు. ఎక్కడికి వెళ్ళినా పొద్దున్నే వెళ్ళండి, వస్తువుని తిరగేసి అడుగు చూడండి, మొదటి దుకాణంలో కొనకండి. వెంట టేపు తీసుకెళ్ళండి. మీ గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు - ఈ మూడు కొలతలూ కాగితం మీద రాసుకుని జేబులో వుంచుకోండి. బేరం తెగ్గొట్టి, బీరువాని ట్రాలీ ఆటో మీద ఇంటిదాకా తెచ్చాక, అది మూడో అంతస్తు ఎక్కదని తెలిస్తే, దాన్ని మోసుకొచ్చిన నలుగురూ మీ మొహంకేసి చూసే చూపు బీరువాకంటే బరువుగా వుంటుంది.