తలనొప్పి: రకములు, కారణములు, అపాయ సూచనలు

“తలనొప్పికి తలగడ మార్చినట్లు” అని మన పెద్దలొక సామెత చెప్పుదురు. బాధ ఒకచోట నుండగా మరియొకచోట మందు వెదకువారిని గూర్చి పుట్టిన మాట యిది. చిత్రమేమన, నేడు తలనొప్పి విషయముననే ఈ సామెత అక్షరాల నిజమగుచున్నది. తల నొచ్చినంతనే వీధి చివరి దుకాణమునకు పోయి ఒక బిళ్ళ కొని మ్రింగుట, తగ్గకున్న మరియొకటి మ్రింగుట పలువురకు అలవాటైనది. ఆ నొప్పి యేల వచ్చినదని విచారించువారు అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచ జనాభాలో నూటికి సుమారు 40 మంది, అనగా 310 కోట్ల మంది, తలనొప్పి వ్యాధులకు లోనైరి. వీనిలో అత్యధిక భాగము ప్రాణాపాయము లేనివే. కాని కొన్ని తలనొప్పులు మాత్రము లోపల పొంచియున్న పెద్ద ప్రమాదమునకు ముందుగా వినవచ్చు హెచ్చరికలు. ఆ హెచ్చరికను గుర్తించినచో ప్రాణము నిలుచును. బిళ్ళతో అణచివేసి కూర్చున్నచో విలువైన గంటలు గడచిపోవును.

అర్ధరాత్రి వేళ ఎవరి యింటనైనను ఆపద కలిగినచో బండి కొరకు, సలహా కొరకు జనులు తరచు తట్టు తలుపు పంచాయతీ సభ్యునిదే. వైద్యము చేయుట సభ్యుల పని కాదు. అయినను ఏ తలనొప్పికి విశ్రాంతి చాలునో, దేనికి ఆసుపత్రి తప్పదో తెలిసియుండుట వారికి ఎంతయు అవసరము.

నొప్పి యెక్కడ పుట్టును?

తల నొచ్చునపుడు మెదడే నొచ్చుచున్నదని చాలమంది తలంతురు. నిజమునకు మెదడునకు నొప్పి తెలియదు. మెదడును కప్పియుండు పొరలు, అచ్చటి రక్తనాళములు, తలమీది కండరములు, మెడ కండరములు, కన్నులు, ముక్కు ప్రక్కనుండు గాలి గదులు, దంతములు - వీనికే నొప్పి తెలియును. ఈ భాగముల బాధను కొన్ని నరములు మెదడునకు చేరవేయును. ఒకే నరము పలుచోట్ల వార్తలను మోయుటచేత పంటిలో పుట్టిన బాధ కణతయందు తోచవచ్చును. మెడ పట్టినపుడు తల వెనుక నొప్పి కలుగవచ్చును.

వైద్యులు తలనొప్పులను రెండు ముఖ్యమైన తెగలుగా విభజించిరి. మొదటి తెగలో తలనొప్పియే వ్యాధి. దాని వెనుక వేరొక రోగముండదు. రెండవ తెగలో తలనొప్పి మరియొక రోగమునకు గుర్తు మాత్రమే.

మొదటి తెగ

ఈ తెగలో అన్నిటికంటె సామాన్యమైనది బిగువు తలనొప్పి. తలచుట్టు గుడ్డ బిగించి కట్టినట్లు రెండు ప్రక్కల నొక్కుచున్న బాధ దీని లక్షణము. ఇది అరగంట మొదలు ఏడు దినముల వరకు ఉండవచ్చును. నడచినను, మెట్లెక్కినను అధికము కాదు; వాంతులు కావు. మనోవ్యాకులత, నిద్రలేమి, మెడ వంచి చాలసేపు పని చేయుట దీనికి దోహదము చేయును. కొలది విశ్రాంతి, వేళకు భోజనము, కంటినిండ నిద్ర చాలమందికి మేలు చేయును.

రెండవది పార్శ్వపు నొప్పి. దీనినే మైగ్రేన్ అందురు. తరచుగ తలకు ఒక ప్రక్క, నాడి కొట్టుకొనునట్లు, పోటు పెట్టుచు వచ్చును. వికారము, వాంతులు కలుగును. వెలుతురు, చప్పుడు సహింపవు. నడచినచో బాధ హెచ్చును. మందు తీసికొననిచో 4 గంటలు మొదలు 72 గంటల వరకు వేధించును. కొందరికి నొప్పి రాకముందే కన్నులయెదుట వంకర టింకర మెరుపు గీతలు కనబడును. ఇది తరచు వంశములలో సంక్రమించును, యుక్తవయస్సున ఆరంభమగును, పురుషులకంటె స్త్రీలయందు రెండు మూడు రెట్లు అధికము. వేళ తప్పిన భోజనము, నిద్ర తగ్గుట లేక మితిమీరుట, మండుటెండ, ఘాటైన వాసనలు, మద్యము, ఋతుకాలము దీనిని రేపు కారణములు. అందరికి అన్నియు వర్తింపవు. నొప్పి వచ్చిన దినమును గోడమీది క్యాలెండరుపై గుర్తించి, ఆనాటి తిండి, నిద్ర, పని వ్రాసికొన్నచో ఎవరి కారణము వారికే తెలియగలదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. పార్శ్వపు నొప్పితో చీకటి గదిలో పడుకొనియున్న కోడలిని పని తప్పించుకొనుచున్నదని నిందించు ఇండ్లు నేటికిని కలవు. పైకి గాయము కనబడదు, జ్వరము తగులదు. కావున బాధ అబద్ధమని తలంతురు. ఇది అన్యాయము. పార్శ్వపు నొప్పి నిజమైన నాడీసంబంధ వ్యాధి. నొప్పి వచ్చినపుడు తగ్గించుటకును, మాటిమాటికి రాకుండ నివారించుటకును వేర్వేరు మందులు గలవు. నిందకు మారుగా వైద్యుని వద్దకు తీసికొనిపోవుట కుటుంబ ధర్మము.

మూడవది మిక్కిలి అరుదైనది, పురుషులలో అధికము. ఒక కంటిచుట్టు దుర్భరమైన నొప్పి పుట్టి, ఆ కన్ను ఎఱ్ఱబడి నీరు కారును. పావుగంట మొదలు మూడు గంటల వరకుండి, తరచు ప్రతిదినము ఒకే వేళకు కొన్ని వారములపాటు వచ్చును. రోగి ఒకచోట కూర్చుండలేక అటునిటు తిరుగును. దీనికి వైద్యుని చికిత్స అవసరము.

మందే తెచ్చు నొప్పి

తలనొప్పికి వాడు బిళ్ళయే తలనొప్పికి కారణమగుననిన వింతగా తోచును. కాని యిది నిజము. సామాన్యమైన నొప్పి బిళ్ళలను నెలకు 15 దినములు, పలుమందులు కలిపిన బిళ్ళలను నెలకు 10 దినములు లేక అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినవారికి తలనొప్పి దాదాపు నిత్యకృత్యమగును. బిళ్ళ శక్తి తగ్గినంతనే నొప్పి మరల లేచును. మరల బిళ్ళ వేయుదురు. ఈ సుడినుండి బయటపడుటకు వైద్యుని సలహాతో ఆ మందును మానుటయే మార్గము. మానిన తొలి దినములలో నొప్పి హెచ్చవచ్చును; తరువాత చాలమందికి శాంతించును. అంతియేగాక కొన్ని నొప్పి బిళ్ళలు అదేపనిగా వాడినచో కడుపులో పుండ్లు పడుటయు, మూత్రపిండములు చెడుటయు గలదు.

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనము మన యిండ్లలో సుపరిచితము. అట్టి పూతమందులు చర్మమునకు చల్లదనమిచ్చి కొంత ఉపశమనము కలిగించును. వాడుటలో తప్పులేదు, కాని పూత కారణమును తొలగింపదని గుర్తుంచుకొనవలెను.

రెండవ తెగ

పడిశము, జ్వరము, పంటినొప్పి, కంటిజబ్బులు తలనొప్పిని తెచ్చునని అందరెరిగినదే. గ్రామములలో మరికొన్ని కారణములను ప్రత్యేకముగ గమనింపవలెను.

డెంగ్యూ జ్వరములో తీవ్రమైన తలనొప్పి, కన్నుల వెనుక నొప్పి కలుగును. ఈ జ్వరములో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్ళలు రక్తస్రావమునకు దారితీయవచ్చును. కావున జ్వరముతో కూడిన తలనొప్పికి దుకాణపు బిళ్ళ వాడక రక్తపరీక్ష చేయించుట క్షేమము.

పురుగుమందు చల్లిన రైతునకు తలనొప్పి, తల తిరుగుట, చెమట, నోట చొంగ, వాంతులు కనబడినచో అది ఎండదెబ్బ యని ఊరకుండరాదు. మందు విషము దేహమున కెక్కుచున్నదనుటకు అవి గుర్తులు కావచ్చును. వెంటనే బట్టలు మార్చి, సబ్బునీటితో ఒడలు కడిగి, మందు డబ్బాతోకూడ ఆసుపత్రికి చేర్చవలెను.

చలికాలమున తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము. దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. ఒకే గదిలో పడుకొన్నవారందరికి ఒక్కసారిగ తలనొప్పి వచ్చినచో ముందుగా అందరిని బయటి గాలిలోనికి తీసికొనిరావలెను.

ఇక రక్తపోటు మాట. “నాకు తలనొప్పి లేదు, కావున పోటు లేదు” అనువారు చాలమంది గలరు. ఇది పొరపాటు. పోటు మిక్కిలి తీవ్రమైనప్పుడు తప్ప సాధారణముగ తలనొప్పి తేదు. నిశ్శబ్దముగ గుండెను, మెదడును దెబ్బతీయును. పోటు తెలియుటకు తల కాదు, కొలత పరికరమే ఆధారము.

ఉపేక్షింపరాని గుర్తులు

ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి కనబడినను ఆలస్యము చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి పంపవలెను.

1. పిడుగు పడినట్లు ఒక్కసారిగ వచ్చి, క్షణములలోనే భరింపరానిదిగ మారిన నొప్పి. ఇది మెదడులో రక్తనాళము చిట్లుటవలన కావచ్చును.

2. తలనొప్పితో మూతి వంకర పోవుట, కాలో చేయో పడిపోవుట, మాట తడబడుట, చూపు తగ్గుట. పక్షవాతములో గడ్డకట్టిన రక్తమును కరగించు మందును నాలుగున్నర గంటలలోపల ఈయవలసియుండును.

3. జ్వరముతో మెడ బిగిసికొనుట, మగత, మూర్ఛ. ఇవి మెదడు పొరల వాపునకు గుర్తులు.

4. తలకు దెబ్బ తగిలిన తరువాత హెచ్చు నొప్పి, పలుమారులు వాంతులు, మగత. దెబ్బ తగిలిన వెంటనే లేచి నడచినను నమ్మరాదు. లోపల రక్తము మెల్లగ చేరవచ్చును.

5. కన్ను ఎఱ్ఱబడి, చూపు మసకబారి, దీపము చుట్టు రంగుల వలయములు కనబడుట. నీటికాసుల వ్యాధి యిట్లు హఠాత్తుగ వచ్చినచో చూపు పోవచ్చును.

యాబది యేండ్లు దాటిన తరువాత మొదటిసారిగ వచ్చిన తలనొప్పినిగాని, వారములు గడచినకొలది హెచ్చుచున్న నొప్పినిగాని వైద్యునికి త్వరలో చూపవలెను.

గర్భిణి తలనొప్పి

పై గుర్తులన్నిటికంటె పంచాయతీ సభ్యులు మనస్సున నాటుకొనవలసినది గర్భిణీ స్త్రీ తలనొప్పి. అయిదవ నెల మొదలు కాన్పు తరువాత ఆరు వారముల వరకు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకలు, ముఖమునకు చేతులకు వాపు, పైకడుపులో నొప్పి కనబడినచో రక్తపోటు హెచ్చినదేమో అని వెంటనే కొలువవలెను. గర్భిణికి 140/90 గాని అంతకు మించి గాని పోటున్నచో వైద్యుని పరీక్ష తప్పనిసరి. తలనొప్పి, చూపు మసకలు తోడైనచో అది తక్షణము ఆసుపత్రికి చేర్చవలసిన స్థితి. ఉపేక్షించినచో ఫిట్స్ వచ్చి తల్లికి, బిడ్డకు ప్రాణాపాయము కలుగును. ఫిట్స్ రాకుండ నివారించు మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందు గలదు. కాని అది వేళకు అందవలెను. “వేవిళ్ళు”, “దిష్టి”, “ఎండ” అనుచు గడపు ఒక్కొక్క గంటయు నష్టమే. కాన్పు అయినదిగదా అని నిశ్చింతగ నుండరాదు. బాలింతకును ఈ ప్రమాదము గలదు.

పంచాయతీ చేయదగినది

1992లో ఆమోదింపబడి 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఆరోగ్యమును, పారిశుధ్యమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద ఏర్పడిన గ్రామ ఆరోగ్య సంఘములలో పంచాయతీ సభ్యులకు స్థానము గలదు. కావున ఈ పనులు సభ్యులు తలపెట్టదగినవి.

ప్రతినెల జరుగు గ్రామ ఆరోగ్య పోషకాహార దినమున ప్రతి గర్భిణికి రక్తపోటు కొలిచినారా, పరికరము సరిగ పనిచేయుచున్నదా యని ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను విచారింపవలెను. గర్భిణుల యిండ్లవారికి పై గుర్తులను చెప్పించవలెను. రాత్రివేళ బండి నడుపగలవారి పేర్లు, ఫోను నంబర్లు పంచాయతీ గోడపై వ్రాయించవలెను. నొప్పి బిళ్ళలు అమ్ము దుకాణదారులను పిలిచి, వారమునకు రెండు మూడు మారులు వచ్చువారిని ఆరోగ్య కేంద్రమునకు పొమ్మని చెప్పవలసినదిగ కోరవలెను. కూలిపనులు జరుగు చోట నీడ, త్రాగునీరు ఉండునట్లు చూడవలెను. మురుగునీరు నిలువకుండ చేసి దోమలను తగ్గింపవలెను. మోటారు సైకిలు నడుపు యువకులు శిరస్త్రాణము ధరించునట్లు సభ్యులు తామే ముందు ధరించి చూపవలెను.

వీనికి పెద్ద ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును. తల నొచ్చుచున్నదని ఎవరైన చెప్పినపుడు “బిళ్ళ వేసికొంటివా?” అని అడుగుట మన అలవాటు. ఇకమీదట “ఎప్పటినుండి? ఎట్లు వచ్చినది? ఇంకేమి కనబడుచున్నది?” అని అడుగుట అలవరచుకొందము. తలగడ మార్చుటతో తృప్తి చెందక కారణము వెదకు గ్రామమున ఒక్క తల్లి ప్రాణము నిలిచినను ఆ శ్రద్ధ సార్థకమగును.