‘అధ్యక్షా!’ - యుద్ధాన్ని నిలదీసిన వచనం

తెలుగు ఎం.ఏ. విద్యార్థికి మనం కావ్యం చెబుతాం, ప్రబంధం చెబుతాం, నవలా కథానికా చెబుతాం. వచన వికాసం అనే పాఠంలో చిన్నయసూరి దగ్గర బయలుదేరి గిడుగు, గురజాడల దాకా వస్తాం. వీరేశలింగం గారి ఉపన్యాసాలను సాహిత్యంగానే లెక్కిస్తాం. కాని చట్టసభలో చేసిన ప్రసంగం కూడా వచనమేనన్న సంగతి మనకు గుర్తుండదు. అది రాజకీయం కదా అని పక్కన పెట్టేస్తాం. ఆ ప్రసంగాల్లో ఒక రకం ఉంది. యుద్ధం నడిపిస్తున్న వాళ్ళ ఎదుటే నిలబడి, ‘ఇది అన్యాయమైన యుద్ధం’ అని చెప్పే రకం. దాని స్వరూపమేమిటి, దాని బలమెక్కడ ఉంది, రచయితలకు దానితో పని ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలిచాను.

ఈ సన్నివేశం మనకు కొత్తది కాదు. సభాపర్వంలో ద్రౌపది వేసిన ప్రశ్నకు కురువృద్ధులు జవాబు చెప్పలేక తల వంచుకున్నారు. వికర్ణుడొక్కడే లేచాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవ సభకు వెళ్ళి యుద్ధం వద్దని వాదించాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అక్షరం ముక్క రాని రైతు కూడా తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు తెల్లవార్లూ కూర్చుని విన్నాడు. యుద్ధం గురించి సభలో వాదించడమంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే ఇక్కడొక తేడా గమనించాలి. రాయబారి బయటివాడు, ఇంకా మొదలుకాని యుద్ధాన్ని ఆపడానికి వచ్చినవాడు. ఆధునిక చట్టసభలో లేచి నిలబడేవాడు అదే సభలో సభ్యుడు. యుద్ధం అప్పటికే మొదలై ఉంటుంది. దానికి కావలసిన డబ్బు ఆ సభే మంజూరు చేసి ఉంటుంది. కనుక అతను ఇతరులను నిలదీయడంతో సరిపోదు; ఆ పాపంలో తన వాటా తనకు వద్దని కూడా చెప్పాలి. ఈ ప్రసంగానికుండే ప్రత్యేకమైన బిగువు అక్కడ పుడుతుంది.

సభ లేనప్పుడు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో చేరిందని ప్రకటించాడు. ఈ దేశపు ప్రజా ప్రతినిధులను ఒక్క మాట అడగలేదు. ఆ అక్టోబరు, నవంబరు నెలల్లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అనంతపురం జిల్లా తరిమెలలో 1917లో పుట్టిన నాగిరెడ్డికి అప్పటికి ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళు. యుద్ధమూ దాని ఆర్థిక పర్యవసానాలూ అన్న విషయం మీద ఆయన పుస్తకం రాశారు. 1940లో ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. అడగడానికి సభ లేనిచోట మాట పుస్తకమవుతుంది. పుస్తకం రాసినవాడు ఖైదీ అవుతాడు.

ఆయన ఎంచుకున్న విషయాన్ని గమనించండి. యుద్ధంలో ఎవరు గెలుస్తారన్నది కాదు, యుద్ధం ఖర్చు ఎవరు భరిస్తారన్నది. నేను పంతులుగా పనిచేస్తున్న మంగళగిరి మగ్గాల ఊరు. యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గం ఆగిపోవడం, కంట్రోలు నూలు కోసం తిరగడం ఇక్కడి నేతగాళ్ళ ఇళ్ళలో తాతల నాటి కథలుగా నేటికీ వినబడతాయి. 1943లో బట్ట మీదా నూలు మీదా కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. అదే సంవత్సరం బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఫిరంగి మోత వినని ఊరికి కూడా యుద్ధం వస్తుంది. నూలు రూపంలో, బియ్యం రూపంలో వస్తుంది.

మన సంఘ చరిత్రకు కూడా ఇది సంబంధించిన విషయమే. 1941 జూన్‌లో హిట్లరు సోవియట్ యూనియన్ మీద దాడి చేశాక, అప్పటిదాకా సామ్రాజ్యవాద యుద్ధమన్న దాన్ని కమ్యూనిస్టులు ప్రజాయుద్ధమన్నారు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది ఆ వాతావరణంలోనే. ఫాసిజాన్ని ఓడించడం న్యాయమే. కాని యుద్ధం పేరు మారినంత మాత్రాన ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్న చెల్లిపోలేదు. బెంగాల్ దానికి సాక్ష్యం. యుద్ధాన్ని గురించిన తీర్పు మారవచ్చు గాని ప్రశ్న మారకూడదు. రచయిత కాపలా కాయవలసింది ఆ ప్రశ్నకే.

ఇక సభ వచ్చిన తర్వాతి కథ. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించి నిజాము పాలనను అంతం చేసింది. రజాకార్ల ఆగడాలతో విసిగిన జనం సంతోషించారు. కాని దానికి స్థిరపడిన పేరు ‘పోలీసు చర్య’. టాంకులతో, ఒక మేజర్ జనరల్ నాయకత్వంలో జరిగిన పని పోలీసు చర్య ఎలా అవుతుంది? శబ్దార్థాల సంబంధం మీద పరీక్షలు రాసే విద్యార్థులు తప్పక ఆలోచించవలసిన ప్రశ్న ఇది. పేరు చిన్నదైతే లెక్క కూడా చిన్నదవుతుంది. ఆ రోజుల్లో ముస్లిం ప్రజల మీద జరిగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నివేదించింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు వెలువరించలేదు.

నిజాము లొంగిపోయాక కూడా సైన్యం వెనక్కు వెళ్ళలేదు. భూములు పంచుకున్న రైతుల మీదికి మళ్ళింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించే వరకు మూడేళ్ళు ఆ యుద్ధం సాగింది. సుందరయ్య గారు 1972లో వెలువడిన తన గ్రంథంలో లెక్కలిచ్చారు: సుమారు 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ, 4 వేల మంది కార్యకర్తలూ రైతు వీరుల మరణం, 10 వేల మందికి పైగా నిర్బంధం. సంస్థానం ఇవతల కూడా ఆ వేడి తగిలింది. కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మలబారు పోలీసులు జనానికి చేసిన అవమానాలను ఈ డెల్టా ఇప్పటికీ మరిచిపోలేదు.

1952 ఎన్నికలు వచ్చాయి. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు మూడు లక్షల పైచిలుకు ఓట్లతో, నెహ్రూకు వచ్చిన వాటికన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. సుందరయ్య గారు రాజ్యసభలో కమ్యూనిస్టు పక్ష నాయకులయ్యారు. నాగిరెడ్డి గారు జైలు నుంచే పోటీ చేసి, తన దగ్గరి బంధువైన నీలం సంజీవరెడ్డిని ఓడించి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. నిన్నటిదాకా ఎవరి కోసం సైన్యం అడవులు గాలించిందో, వారు ఈనాడు ‘గౌరవ సభ్యులు’. ఆ సైన్యాన్ని పంపిన మంత్రులు ఎదురు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ముందస్తు నిర్బంధ చట్టాన్ని పొడిగించాలని 1952లో ప్రభుత్వం సవరణ తెచ్చినప్పుడు దాన్ని వ్యతిరేకించిన వారిలో, నిర్బంధమంటే ఏమిటో ఒంటి మీద అనుభవించిన మనుషులున్నారు. సాక్షి, బాధితుడు, ప్రతినిధి అనే ముగ్గురూ ఒకే గొంతులో మాట్లాడిన సందర్భం అది. నవలాకారుడు మూడు పాత్రలకు పంచే పనిని అక్కడ ఒక్క వక్త చేయాలి.

ఇప్పుడు ఈ వచన స్వరూపానికి వద్దాం. దీనికి నాలుగు లక్షణాలు నాకు కనిపిస్తున్నాయి.

మొదటిది సంబోధన. సభ్యుడు మంత్రిని నేరుగా తిట్టడానికి వీల్లేదు. ‘అధ్యక్షా!’ అని మొదలుపెట్టాలి. కోపం ముందు అధ్యక్ష పీఠం దాకా వెళ్ళి, అక్కడి నుంచి మంత్రికి తగలాలి. ఈ చుట్టుదారి బలహీనత అనిపిస్తుంది గాని, నిజానికి అదే దాని బలం. పద్యానికి యతిప్రాసలు ఎలాంటివో ఈ ప్రసంగానికి సభా మర్యాద అలాంటిది. కట్టుబాటులో ఒదిగిన కోపం కేకకన్నా ఎక్కువ దూరం పోతుంది.

రెండోది నామకరణం. పాలకులు పెట్టిన పేరును తిరస్కరించి, వస్తువును దాని పేరుతో పిలవడం. ‘చర్య’ అన్నదాన్ని యుద్ధమనడం, ‘శాంతిభద్రతలు’ అన్నదాన్ని నిర్బంధమనడం.

మూడోది లెక్క. ఎంత మంది, ఎన్ని ఎకరాలు, ఎన్ని రూపాయలు? విశేషణాలతో నిండిన ప్రసంగాన్ని మంత్రి చిరునవ్వుతో దాటేయగలడు. అంకెకు మాత్రం అంకెతోనే జవాబివ్వాలి. మన అభ్యుదయ కవిత్వంలో విశేషణాలు పెరిగి వస్తువు తగ్గిన ప్రతి దశలోనూ ఈ పాఠం మనకు అవసరమైంది.

నాలుగోది రికార్డు. రాజ్యాంగం 105, 194 అధికరణాల ప్రకారం సభలో అన్న మాటకు సభ్యుడి మీద కోర్టులో కేసు పెట్టడానికి వీల్లేదు. వీధిలో కరపత్రంగా పంచితే జైలుకు పంపగల వాక్యం సభలో ప్రభుత్వ ఖర్చుతోనే అచ్చవుతుంది. అందుకనే రికార్డు నుంచి మాటలను తొలగించే అధికారం కోసం అంత పట్టుదల. ఒక మాటను కొట్టేయాలన్న తొందరే ఆ మాట తగలవలసిన చోట తగిలిందనడానికి నిదర్శనం.

ప్రపంచంలో చూస్తే దీనికి పెద్ద ఉదాహరణ కార్ల్ లీబ్‌నెక్ట్. 1914 ఆగస్టులో పార్టీ క్రమశిక్షణకు లోబడి జర్మన్ పార్లమెంటులో యుద్ధ ఋణాలకు ఓటు వేసిన ఆయన, డిసెంబరు 2న ఒంటరిగా వ్యతిరేక ఓటు వేశాడు. రాసిచ్చిన వివరణను సభాపతి రికార్డులో చేర్చనివ్వలేదు. అది రహస్య కరపత్రంగా జనంలోకి వెళ్ళింది. 1916లో ఆయన్ని జైలుకు పంపారు, 1919 జనవరిలో చంపేశారు.

మన కాలానికి వస్తే ఇరాక్ యుద్ధం. 2003 మార్చి 18న బ్రిటిష్ పార్లమెంటు 412కు 149 ఓట్లతో ఆ యుద్ధానికి ఆమోదం తెలిపింది. ఏ మారణాయుధాల పేరు చెప్పి యుద్ధానికి దిగారో అవి దొరకలేదు. ఆ యుద్ధాన్ని తీవ్రంగా దుయ్యబట్టి లేబర్ పార్టీ నుంచి బహిష్కృతుడైన జార్జి గాలోవే 2005 మే 17న అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు హాజరయ్యాడు. ఇరాక్ చమురు వ్యవహారంలో లాభపడ్డాడన్నది ఆయన మీద అభియోగం. ఆయన దాన్ని ఖండించి, అదే బల్ల దగ్గర కూర్చుని యుద్ధానికి ఓటు వేసినవారినే ముద్దాయిలుగా నిలబెట్టాడు. నిందితుడు నేరం మోపేవాడయ్యాడు.

ఇక్కడ విమర్శకుడు జాగ్రత్తగా ఉండాలి. గాలోవే మచ్చలేని మనిషి కాదు. 1994లో సద్దాం ఎదుట ఆయన పలికిన పొగడ్త మాటలు ఆయన్ని వదల్లేదు. 2007లో బ్రిటిష్ పార్లమెంటే ఆయన్ని 18 రోజులు సస్పెండు చేసింది. అయినా 2005లో యుద్ధాన్ని గురించి ఆయన చెప్పింది అబద్ధమైపోదు. వక్త శీలమూ వాక్యంలోని సత్యమూ రెండు వేరు తూకాలు. ఒకదాన్ని ఇంకొకదానితో తూచడం సాహిత్య విమర్శలోనూ మనకు అలవాటైన పొరపాటే.

చివరగా అసలు చిక్కు ప్రశ్న. సభలో మాట్లాడినందువల్ల యుద్ధం ఆగిందా? 1957లో లోక్‌సభకూ, 1962, 1967లలో శాసనసభకూ ఎన్నికైన నాగిరెడ్డి గారు 1969 మార్చిలో సభ్యత్వానికి రాజీనామా చేసి బయటికి వెళ్ళిపోయారు. ఆ సభ ద్వారా ప్రజలకు ఒరిగేదేమీ లేదన్నది ఆయన నిర్ణయం. సుందరయ్య గారు 1978లో మళ్ళీ గన్నవరం నుంచి శాసనసభకు వెళ్ళారు. ఈ రెండు దారుల మధ్య తెలుగు రచయితలు కూడా చీలారు. 1970లో విరసం ఏర్పడిన నేపథ్యంలో ఈ తర్జనభర్జన ఉంది. ఉన్న వేదిక మీద నిలబడి మాట్లాడాలా, వేదికనే నిరాకరించాలా అన్నది ఈనాటికీ ప్రతి రచయితకూ ఎదురయ్యే ప్రశ్నే.

నా అభిప్రాయం చెబుతాను. సభ యుద్ధాన్ని ఆపుతుందన్న భ్రమ నాకు లేదు. కాని నాగిరెడ్డి గారి జీవితంలోనే దీనికి ఒక జవాబుంది. సభను వదిలిన ఆయన కుట్రకేసులో ముద్దాయిగా కోర్టు ఎదుట సుదీర్ఘమైన ప్రకటన చేశారు. 1976 జూలైలో ఆయన అజ్ఞాతంలో మరణించాక అది ‘తాకట్టులో భారతదేశం’ అన్న పుస్తకంగా నిలిచింది. అంటే సభను కాదన్న మనిషి కూడా రికార్డును కాదనలేదు. 1940లో పుస్తకం, తర్వాత శాసనసభ, చివరికి న్యాయస్థానం - చోటు మారింది, వచనం రూపు మారింది, ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్న మారలేదు. రాజ్యం తన చేతులతో తానే భద్రపరచవలసిన కాగితం మీద, దానికి ఇష్టం లేని వాక్యం రాయించడం చిన్న పని కాదు.

2017 నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ మా మంగళగిరికి కొద్ది మైళ్ళ దూరంలో వెలగపూడిలో సమావేశమవుతోంది. 1962లోనూ 1972లోనూ ఈ ఊరి తరఫున శాసనసభకు వెళ్ళినవారు వేములపల్లి శ్రీకృష్ణ గారు. ‘చెయ్యెత్తి జైకొట్టు తెలుగోడా’ గేయం రాసిన కవి ఆయన. పాటను అందరం పాడుతున్నాం. ఆ కవి సభలో ఏం మాట్లాడారో చదివినవాళ్ళు మనలో ఎందరు? పిహెచ్.డి.కి విషయం దొరకడం లేదనే విద్యార్థి మిత్రులు గ్రంథాలయాల్లో దుమ్ముపట్టిన సభా చర్చల సంపుటాలు తెరవాలి. ప్రబంధంలో అలంకారం వెతికినంత శ్రద్ధగా, అక్కడ ఎవరు ఏ పేరును తిరస్కరించారో, ఏ అంకె చెప్పారో, ఏ మాటను కొట్టివేయించారో వెతకాలి. తెలుగు వచన చరిత్రలో రాయవలసిన అధ్యాయం ఒకటి ఆ పేజీల్లోనే ఉంది.